పోశెట్టి గీసిన హద్దు

సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో ఆ ఇంటి పెరట్లో చలిమంట వెలగాలంటే పోశెట్టి చేతిమీదుగానే వెలగాలి. జగిత్యాల నుంచి వచ్చి పదకొండేళ్లుగా కఫీల్, అంటే తనకు వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమాని దగ్గర తోటపని చేస్తున్నాడు. నేలమీద మంట వేయనివ్వడు, కాళ్లున్న ఇనుప పళ్లెంలోనే వేస్తాడు. పెరట్లో చుట్టాల కోసం వేసిన గుడారానికి పదిహేను అడుగులు కొలుస్తాడు, పక్కనే ఇసుక బకెట్ పెడతాడు, వేలు తడిచేసి గాలి చూస్తాడు. మున్సిపాలిటీ వాళ్లు గేటుకు అంటించిన నియమాలను ఎవరితోనో చదివించుకుని కంఠస్థం చేశాడు.

మొన్న శుక్రవారం సాయంత్రం కఫీల్ చుట్టాలొచ్చారు. గాలి ఈడ్చి కొడుతోంది. పిల్లలు వణుకుతున్నారని కఫీలే పళ్లాన్ని గుడారం గుమ్మానికి లాక్కొచ్చి వెలిగించాడు. పోశెట్టి రెండుసార్లు వద్దన్నాడు. కఫీల్ వినలేదు. పోశెట్టి బకెట్ ఎత్తి ఇసుకంతా మంటమీద కుమ్మరించాడు.

"అయ్యబాబోయ్, ఎంత పని చేశావు పోశన్నా! రేపే ఇంటికి పంపేస్తాడు," అంది వంటమనిషి చిట్టెమ్మ.

"పంపితే పంపనీ చెల్లె. లోపట పిల్లలున్నరు," అన్నాడు పోశెట్టి, నిటారుగా నిలబడి.

కఫీల్ ముఖం ఎర్రబడింది. ఆయన నోరు తెరిచేలోపే గాలి ఒక్క విసురుకు గుడారపు తెర తాడు తెంపుకుని, ఆరిన పళ్లెం మీద వచ్చి పడింది. కఫీల్ తనే వంగి ఆ తెర తీశాడు.

"మరి మంట ఎక్కడ వేద్దాం? నువ్వే చెప్పు," అన్నాడు.

పోశెట్టి తనకొచ్చిన అరబ్బీలో తాపీగా, "ఇయ్యాల ఎక్కడా వద్దు బాబా," అన్నాడు.