పాల కాక వెనక నా వ్యాన్

సైకిల్ తొక్కిన నాలుగేళ్లలో నేను డ్రైవర్లను తిట్టని రోజు లేదు. డ్రైవర్‌నయిన మరుసటి వారానికే సైకిళ్లవాళ్లను తిట్టడం మొదలుపెట్టాను. మధ్యలో కనీసం ఒక నెల రోజులైనా సిగ్గుపడి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు అంత తీరిక లేదు.

మాది శామీర్‌పేట దగ్గర చిన్న ఊరు. తొంభైల మొదట్లో మా ఊరి పాలు మేడ్చల్‌లోని పాల కేంద్రానికి నేనే సైకిల్ మీద మోసేవాణ్ని. పొద్దున్నే ఇరవై ఇళ్ల ముందు ఆగి, ఇంటింటి పాలు కొలిచి, క్యారియర్‌కు రెండు పక్కలా కొక్కేలకు తగిలించిన పెద్ద క్యాన్లలో పోసుకుని బయల్దేరాలి. ఖాళీ సైకిల్ ఎవడైనా తొక్కుతాడు. నిండు క్యాన్ల సైకిల్ సంగతి వేరు. కదులుతున్నంతసేపు అది మన మాట వింటుంది. ఒకసారి కాలు కింద పెట్టామా, ఇక వినదు. మళ్లీ ఎక్కాలంటే వెనక పట్టుకునే మనిషి కావాలి, లేదా కాలు ఆనించుకోవడానికి ఎత్తయిన జాగా కావాలి. అందుకే పాలవాళ్లకు దారిలో ఏ కిలోమీటరు రాయి ఎక్కడుందో, ఏ మోరీ గట్టు ఎంత ఎత్తో చూడకుండానే తెలుసు. హారన్ కొట్టి మమ్మల్ని తారు మీద నుంచి మట్టిలోకి దింపే లారీ డ్రైవర్‌కు ఇదంతా తెలియదు. వాడికి అది ఒక్క క్షణం పని. మాకు తర్వాతి రాయి దాకా అంత బరువునూ తోసుకుంటూ నడక. ఎండెక్కాక చేరితే పాలు విరిగిపోయాయని కేంద్రంలో తిప్పి పంపేవాళ్లు.

జీడిమెట్లలో ఒక కంపెనీకి పనివాళ్లను తీసుకెళ్లే వ్యాన్ నడిపే ఉద్యోగం దొరికినప్పుడు, ఆ సైకిల్‌ను, క్యాన్లను, ఇరవై ఇళ్ల నమ్మకాన్ని మా నాయినకు తమ్ముడి వరస అయ్యే ఒకాయనకు అప్పగించాను. నాకు కాక అవుతాడు. బావులు తవ్వే పనికి పోయేవాడు. ఊరిలో బోర్లు పడ్డాక ఆయన్ని పిలిచేవాళ్లు లేకుండా పోయారు. పాల పని దొరికిందని ఎంత సంబరపడ్డాడంటే, మొదటి రోజు క్యాన్లకు పసుపు బొట్టు పెట్టాడు. నెల తిరిగేసరికి ఊరంతా ఆయన్ని పాల కాక అంటోంది. మొదటి వారం నేను ఇంకో సైకిల్ మీద వెంట వెళ్లి దారి నేర్పాను. అప్పుడొక మాట పెద్ద పోటుగాడిలా చెప్పాను.

“ఎవ్వడు హారన్ గొట్టినా దిగకు కాకా. జర ఎడమకు జరుగు, అంతే. దిగినవంటే ఇగ ఎక్కలేవు.”

“గుద్దితే ఎట్ల?”

“గుద్దరు. ఉత్తగ భయపెడ్తరు. మనం దిగకుంటే వాళ్లే సైడుకెళ్లి పోతరు.”

ఆయన తలూపాడు. నా మాట మీద ఆయనకు అంత గురి.

వ్యాన్ మా ఊరి నుంచే ఖాళీగా బయల్దేరి, శామీర్‌పేట, మేడ్చల్, కొంపల్లి మీదుగా దూలపల్లి మలుపు తిరిగి జీడిమెట్ల చేరేది. ఎనిమిదికి కంపెనీ గేటు మూస్తారు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు సగం రోజు కూలి కోత. ఇరవై మంది సగం రోజులు నా కుడికాలి కింద ఉండేవి. పొద్దున్న ఆ రోడ్డు నిండా సైకిళ్లే, టిఫిన్ డబ్బాలు హ్యాండిల్‌కు వేలాడేసుకుని ఫస్టు షిఫ్టుకు పోయేవాళ్లు. వాళ్ల వెనక నిదానంగా పోతే ఏ రోజూ టైముకు చేరలేం. అందుకని నేను రెండు గొంతుల హారన్ ఒకటి పెట్టించాను. దగ్గరికి వెళ్లేదాకా చప్పుడు చేయకుండా వెళ్లి, వీపు వెనక ఒక్కసారిగా నొక్కేవాణ్ని. సైకిల్ దానంతటదే మట్టిలోకి దిగేది. వ్యాన్‌లో నవ్వులు. “అన్న హారన్ గొడ్తె రోడ్డు చాప పర్సినట్టు సాఫ్ అయితది” అని ఒకడు అంటే, నిజం చెప్పొద్దూ, మీసం మెలేయాలనిపించేది. ఆ హారన్ మోత మా ఊళ్లో అందరికీ గుర్తే.

రెండువేల సంవత్సరం దాటాక, ఒక చలికాలం పొద్దున వ్యాన్ ఎంతకీ స్టార్ట్ కాలేదు. నలుగురు తోస్తే కదిలింది. అప్పటికే పదిహేను నిమిషాలు లేటు. శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే రోడ్డుకు అప్పుడే కొత్తగా తారు పోశారు, అంచులకు మట్టి ఇంకా పోయలేదు. తారు నుంచి కిందికి జానెడు లోతు. ఆ అంచు పక్కగా ముందు ఒక సైకిల్, రెండు క్యాన్లు. ఎదురుగా కంకర లారీ వస్తోంది.

ఆ సైకిల్ నాదే. కొక్కేలు నేను వంచినవే. మఫ్లర్ చుట్టుకున్న ఆ తల ఎవరిదో నాకు తెలుసు. తెలియక చేశానని ఇన్నేళ్లలో ఎవరితోనైనా అని ఉంటే అది అబద్ధం. తెలిసే హారన్ కొట్టాను. మన కాకే కదా, నేనని తెలిస్తే జరుగుతాడులే అనుకున్నాను. ఆయన జరిగాడు కూడా. అంచు దాకా జరిగాడు. అక్కడి నుంచి ఇక జరగడానికి ఏమీ లేదు, దిగడమే. బ్రేక్ తొక్కి లారీని పోనిస్తే అర నిమిషం. నేను బ్రేక్ తొక్కలేదు. హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా సందులో దూరాను.

వ్యాన్ ఆయనకు తగల్లేదు. నాలోని వకీలు ఇప్పటికీ ఆ మాట పట్టుకునే వేలాడుతుంటాడు. తగల్లేదు సరే, అద్దంలో మాత్రం అంతా కనిపించింది. ముందు చక్రం అంచు జారి సైకిల్ పక్కకు ఒరిగింది. ఒక మూత ఊడి దొర్లుకుంటూ పోయింది. ఎర్రమట్టి మీద పాలు పారాయి. ఆయన మోకాలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

“అన్నా, పాలాయన పడ్డడే. ఆపు జర” అంది శామీర్‌పేటలో ఎక్కి వెనక కూర్చున్న ఒక ఆడమనిషి.

“గేటు కాడ నువ్వు జెప్తవా సమాధానం?” అన్నాను. గేటు మూయడానికి రెండు నిమిషాల ముందు చేరాం. అందరూ శభాష్ అన్నారు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పాలు కేంద్రానికి ముట్టని రోజు, పాలవాడు సాయంత్రం ఇంటింటికీ స్వయంగా వచ్చి, ఎందుకు ముట్టలేదో చెప్పాలి. బండో లారీనో గుద్దితే ఎవరూ ఏమీ అనరు, ఆ నష్టం ఊరందరిదీ. తన అజాగ్రత్తయితే మాత్రం తప్పు తనది. ఆ సాయంత్రం కుంటుకుంటూ కాక మా ఇంటికొచ్చేసరికి నేను అరుగు మీద కూర్చుని అన్నం తింటున్నాను. మా బర్రె పాలు కూడా ఆ క్యాన్‌లోనివే.

“ఎవడు గుద్దిండురా?” అని అడిగాడు మా నాయిన. “బండి నంబర్ జూసినవా? వాని చేతులు ఇరగ.”

కాక నా వైపు చూశాడు. ఎంతసేపో కాదు, కనురెప్ప వేసినంతసేపు.

“ఎవ్వడు గాదే అన్నా. నేనే సోయి లేక జారి పడ్డ.”

నేను నోరు విప్పాల్సింది అప్పుడే. ‘కాదు నాయినా, నేనే’ అంటే సరిపోయేది. కంపెనీకి తెలిస్తే మళ్లీ స్టీరింగ్ ముట్టనివ్వరని ఒక భయం. కొడుకు డ్రైవర్ అని ఊరంతా చెప్పుకు తిరిగే మా నాయిన ముందు తల కొట్టేసినట్టవుతుందని ఇంకో భయం. తల దించుకుని చారు కలుపుకున్నాను. ఇదే మాట ఆయన మిగతా పంతొమ్మిది ఇళ్లకూ వెళ్లి చెప్పాడు.

సోయి లేనివాడికి పాలెలా ఇస్తామన్నారు జనం. అప్పుడే ట్రాలీ ఆటో కొన్న ఒకతను నేను మోస్తానని ముందుకొచ్చాడు. వారం తిరక్కుండా ఇళ్లన్నీ అతని వైపు మళ్లాయి. మా అమ్మ అయితే మూడో రోజే మళ్లింది. “పాపం మంచోడే గని, ముసలోడైతాండు” అంది. నేను విని ఊరుకున్నాను. కాక సైకిల్ గోడకు ఆనించేశాడు. పొద్దున వ్యాన్ తీసేటప్పుడు ఆయన గుమ్మంలో ఊరికే కూర్చుని కనిపించేవాడు. ఆ గుమ్మం దాటేదాకా నేను హారన్ కొట్టేవాణ్ని కాదు. అదే పెద్ద ప్రాయశ్చిత్తం అనుకునేవాణ్ని, వెధవని.

రెండేళ్లు అలా గడిచాయి. తర్వాత సూపర్‌వైజర్ కాళ్లావేళ్లా పడి కంపెనీలో ఆయనకు లోడింగ్ పని ఇప్పించాను. ఊళ్లో నా పేరు మార్మోగింది. “వరసకు కాక అయితేనే గింత జేసిండు, సొంతోళ్లకు ఎంత జేస్తడో” అని మా నాయినకు కూడా చెప్పారు. ఆయన పొంగిపోయి నాకు చెప్తుంటే, లేచి ఎటైనా పోవాలనిపించింది.

మా ఊరే మొదటి స్టాప్ కాబట్టి రోజూ శామీర్‌పేట దాకా ముందు సీట్లో ఆయన, స్టీరింగ్ దగ్గర నేను, ఇద్దరమే. ఒక రోజు ఇక ఆగలేక అడిగేశాను.

“కాకా, ఆ దినం నేనని నీకు తెల్సు గదా. నాయినకు ఎందుకు జెప్పలె?”

“జెప్తే ఏమొస్తది బిడ్డా. నీ నౌకరి పోతుండె.” బయటికి చూస్తూ అన్నాడు. “నీ హారనేనని ఎర్కే నాకు. మనోడే గదా, ఆపుతడు తియ్ అని ఎన్కకు గూడ జూడలె.”

అంతే అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. ఆయనే జరుగుతాడులే అని నేను, వీడే ఆపుతాడులే అని ఆయన. పరాయివాడు వెనక వస్తుంటే ఆయన ఒకసారి తిరిగి చూసేవాడు. పరాయివాడు ముందుంటే నేను కూడా బ్రేక్ మీద కాలు పెట్టి ఉండేవాణ్నేమో. ఆ రోజు నుంచి సైకిల్ వెనక హారన్ కొట్టడం మానేశాను. ఎంత లేటయినా సరే, వెనకాలే నిదానంగా పోయి, సందు దొరికాకే దాటేవాణ్ని. వ్యాన్‌లో గొణుక్కునేవాళ్లు. కొందరికి కోతలు పడ్డాయి. కాకకు కూడా రెండుసార్లు సగం రోజు పోయింది. ఆయన ఒక్క మాట అనలేదు.

మూడోసారి కూడా పోయేలా ఉన్న రోజు, వానాకాలం. దూలపల్లి మలుపు దగ్గర ఎదురుగా బళ్లు ఆగకుండా వస్తున్నాయి. మా ముందు ఒక సైకిల్, వెనక ఉల్లిగడ్డ బస్తా, దాని మీద ఇంకో బస్తా. తొక్కేవాడు లేచి నిలబడి తొక్కుతున్నాడు. ఎనిమిదికి ఐదు నిమిషాలుంది. కాక మాటిమాటికీ వెనకవాళ్లను టైమెంతని అడుగుతున్నాడు.

“కొట్టు బిడ్డా” అన్నాడు.

నాకు సరిగా వినబడలేదేమో అనుకున్నాను. “లోడు మీదున్నడు కాకా. దిగితే ఇగ ఎక్కలేడు.”

“ఎర్కనే” అన్నాడు, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. “టైమైతాంది. కొట్టు.”

కొట్టాను. సైకిల్ బురదలోకి దిగింది. దాటుతూ నేను అద్దంలో చూశాను, ఆయన చూడలేదు. గేటు తెరిచే ఉంది. దిగేటప్పుడు నా భుజం తట్టి, “టైముకు దెచ్చినవ్ బిడ్డా” అని నవ్వి, గబగబా లోపలికి వెళ్లిపోయాడు. ఊరు మెచ్చుకున్నప్పుడు, మా నాయిన పొంగిపోయినప్పుడు పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఈ మెప్పు ఒక ఎత్తు. పాలు పారబోసినందుకు ఆయన్ని ఏనాడైనా క్షమాపణ అడగగలను. ఆయన నోటికి ‘కొట్టు’ అనే మాట అలవాటు చేసినందుకు ఎవరిని అడగాలో నాకు ఇప్పటికీ తెలియదు.