హజ్జాం కత్తి పెట్టనన్నాడు

శామీర్‌పేట నుంచి సికింద్రాబాదుకు సూటిగా బొగ్గుతో నడిచే బస్సు ఉంది. దానికి బుద్ధి పుట్టి కదిలితే మధ్యాహ్నంలోపు దిగిపోవచ్చు. నేనూ మా అమ్మా పిల్లవాణ్ణి తీసుకుని, ఆ బస్సును చూస్తూనే ఎడ్లబండి ఎక్కి మేడ్చల్ వైపు పోయాము. ఎందుకంటే మా ఊళ్ళో ఒక కాంపౌండరు ఉన్నాడు. ఇదే పని మీద పోయే తల్లిదండ్రులు మాలాగా చుట్టు తిరగకూడదని ఇది రాస్తున్నాను.

సంగతి మా అబ్బాయి దానియేలుది. అప్పటికి వాడికి నాలుగేళ్ళు. మూత్రం వచ్చే రంధ్రం కొనలో కాకుండా కిందివైపు ఉంది, పుట్టుకతోనే. కూర్చుంటే తప్ప బట్టలు తడవకుండా పోసుకోలేడు. తోటి పిల్లలు ఊరుకుంటారా? ‘ఆడపిల్ల’ అని పేరు పెట్టారు. వాడు బయటికి పోవడం మానేసి నా కుట్టుమిషను కింద కూర్చునేవాడు. మా అమ్మ దీనికి కారణం కూడా కనిపెట్టింది. కడుపుతో ఉండగా నా భార్య మరియమ్మ గ్రహణం నాడు కత్తిపీట ముందు కూర్చుందట. ప్రతి ఆదివారం చర్చికి పోయే మా అమ్మకు గ్రహణం సంగతి ఏ పాదిరి చెప్పాడో తెలియదు. మరియమ్మ మాత్రం నాలుగేళ్ళుగా తల ఎత్తలేదు.

సికింద్రాబాదులో దీన్ని కుట్టి సరిచేసే డాక్టరు ఉన్నాడని తెలిసి బయలుదేరబోతుంటే కాంపౌండరు ఆపాడు.

“ముందుగాల మేడ్చల్ హజ్జాం తాన గా పైతోలు తీపిచ్చుకొని పో. డాక్టరుకు పని తక్కువైతది, పోరనికి నొప్పి తక్కువైతది.”

తోలు పైన టోపీలా పోగుపడి ఉంది, కింద లేదు. నా కంటికీ అది అక్కరలేని ముక్కలాగే కనబడింది. నాలుగు మందుసీసాల పేర్లు తెలిసినవాడు చెప్తే కాదనేంత ధైర్యం మాకెక్కడిది?

ఆరింటికి కదిలిన బండి తొమ్మిదిన్నరకు మేడ్చల్ చేరింది. హజ్జాం మస్తాన్ సాయబు ముసలివాడు, సుంతీలు చేయడంలో పేరున్నవాడు. దానియేలును చాప మీద పడుకోబెట్టి ఒక్కసారి చూశాడు. కత్తి తీసి మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.

“గిది ఖుదా జేసిన సుంతీ. గిసుంటి పిల్లల మీద కత్తి వెట్టొద్దని మా ఉస్తాద్ జెప్పిండు. నేను ముట్ట.”

“సుంతీకి రాలే సాయబూ. కాంపౌండర్ సాబ్ తియ్యమన్నడు” అన్నాను.

“అయితే గాయన్నే తియ్యమను.”

బతిమిలాడాను. కోప్పడ్డాను. ఈయన కాకపోతే మంగలిని వెతుకుదామంది మా అమ్మ. అంతలో రైలు వేళయింది కాబట్టి ఊరుకున్నాము. ఆ రైలు ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తలుచుకున్నా చెమటలు పడతాయి.

మూడో తరగతి పెట్టెలో కూర్చోవడానికి చోటు లేదు గాని సలహాలకు కొదవ లేదు. మా అమ్మ అడగనివాళ్ళకు కూడా సంగతంతా చెప్పేసింది. కూరగాయల గంప పెట్టుకున్న ఒకామె, “గ్రహణమే అక్కా, మా ఊర్ల గూడ అయింది” అని అమ్మకు సాక్ష్యం పలికింది. తలపాగా చుట్టుకున్న ఒకాయన, “పెద్దగైతే అదే సర్దుకుంటది, గీ పరేషాన్ ఎందుకు?” అన్నాడు. ఆయన ఎవరిది సర్దుకోగా చూశాడో అడుగుదామనుకునేలోపు దిగిపోయాడు.

రెండింటికి ఆస్పత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న ఇది: “ఇంతకుముందు ఎవరైనా ఏమైనా కోశారా?”

లేదన్నాను.

“బతికించారు. మీరేం పని చేస్తారు?”

“దర్జీనండి.”

“జేబుకు ఉంచిన గుడ్డ కత్తిరించి పారేసి, జేబు కుట్టమని వస్తే ఏం చేస్తారు? ఆ తోలుతోనే నేను కొత్త దారి కుట్టాలి.”

ఇరవై ఏళ్ళుగా గిరాకీలకు నేను చెప్పే మాట అది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన ఇంకా చెప్పాడు. పెద్దయినా దానంతట అదే సర్దుకోదు. గ్రహణం వల్ల రాదు, తల్లి తప్పేమీ లేదు. మొదటిసారి అంగం కిందికి వంగిన వంపు తీస్తారు, కొన్ని నెలలు మానాక రెండోసారి దారి కుడతారు. ఆ తరువాత కూడా కుట్టు దగ్గర చుక్క కారవచ్చు, మళ్ళీ కుట్టవలసి రావచ్చు. అందుకు గుండె జారిపోకూడదు. తల్లి తప్పు లేదన్న మాట దగ్గర మా అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

మత్తు ఇచ్చేముందు పిల్లవాడికి ఏమీ పెట్టవద్దన్నారు. మా అమ్మ కొంగులో ఉడకబెట్టిన శనగ గుడాలు ముడేసుకుని వచ్చింది. నర్సమ్మ పట్టుకుంది. “మత్తుల కక్కుకుంటే ఊపిరాడక సస్తడు. పిలగాని పానం దీస్తవా అవ్వా?” ఆ గుడాలు తరువాత నేనే తిన్నాను. బాగానే ఉన్నాయి.

వానాకాలం పోయాక రెండోసారి బొగ్గు బస్సులో సూటిగా పోయాము. అల్వాల్ దగ్గర దిగి నెట్టాము, అది వేరే సంగతి. ఈసారి రబ్బరు గొట్టం పెట్టారు. అది లాక్కోకుండా కాపలా కాయాలి, నీళ్ళు బాగా తాగించాలి. బట్ట రాసుకోకుండా వాడికి ముందు తెరిచి ఉండే వదులు చొక్కా కుట్టాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

గొట్టం తీశాక, తిరుగుదారిలో కావాలనే రైలెక్కి మేడ్చల్‌లో దిగాను. సంగతంతా విని మస్తాన్ సాయబు గడ్డం నిమురుకున్నాడు.

“డాక్టర్ సాబ్ ఉస్తాద్ ఎవరో గాని, మంచోడే” అన్నాడు.

సాయంత్రం అయిదింటికి ఎడ్లబండి శామీర్‌పేటలో ఆగింది. కాంపౌండరు అరుగు మీదే ఉన్నాడు. “నేను జెప్పినట్టు తోలు తీపిచ్చినవు గదా, గందుకే మంచిగైంది” అన్నాడు. జవాబు చెప్పబోయి చూస్తే పక్కన దానియేలు లేడు.

వాడు కాంపౌండరు ఇంటి గోడ దగ్గర ఉన్నాడు.

“నాయినా, నిలవడ్డ జూడు!”

కింద ఎక్కడో ఒక చుక్క పక్కకు పోతోంది. మిగతాదంతా గోడకే తగిలింది. కాంపౌండరు అరే అరే అని లేచాడు. నేను వాడిని మందలించలేదు. మా అమ్మ బండి దిగి, ఇంటి వైపు తిరిగి, వీధి వీధంతా వినబడేలా కేక పెట్టింది.

“ఓ మరియా, జల్దీ రా! నీ కొడుకును జూడు!”

వాడు పుట్టినప్పటి నుంచి మా అమ్మ నా భార్యను అంత గట్టిగా, తిట్టడానికి కాకుండా పిలవడం అదే మొదటిసారి.