చేపలక్క కడగని గిన్నె

చేపల ప్రయోగశాలలో పనిచేసే ఆమెను అందరూ చేపలక్క అంటారు. పొద్దున్నే తొట్లలోంచి గుడ్లు ఏరి, వాటిలో పెరుగుతున్న పిండాలను మందులో ముంచి, ప్రాణం పోయాక రంగు వేయడం ఆమె పని. వెతుకుతున్న జన్యువు పనిచేసిన చోటల్లా ఊదారంగు తేలుతుంది. తేలగానే కడిగేయాలి. ఆలస్యమైతే పిండమంతా ఒకే రంగై ఏదీ తెలియకుండా పోతుంది. ఇన్నేళ్లలో ఆమె చేతిలో ఒక్క గిన్నెడు పిండాలు కూడా పాడవలేదు.

ఆమె కొడుకు నడక రాకముందే పోయాడు. కణాల మీద చక్కెర గొలుసులు అల్లే ఎంజైమ్ ఒకటి వాడి ఒంట్లో తయారు కాలేదని డాక్టరు చెప్పాడు. మొన్న అదే ఎంజైమ్ జన్యువు ప్రయోగానికి వచ్చింది. వాడికి లేనిది ఎక్కడెక్కడ ఉండాలో కళ్లారా చూడాలని ఆ పని అడిగి మరీ తీసుకుంది.

మైక్రోస్కోప్ కింద ముందు మెదడులో, తర్వాత రెక్కల మొదళ్లలో ఊదా మెల్లగా తేలింది. ఆమె చూస్తూ ఉండిపోయింది; ఊదా పిండాల ఒళ్లంతా పాకింది.

పరిశోధన చేసే అమ్మాయి వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది. "ఇదేంటి చేపలక్కా, పిల్లల్ని ఇమ్మంటే వంకాయలు ఇచ్చావ్!"

చేపలక్క నవ్వలేదు.

"కడగాలని తెలుసమ్మా. చేతులు రాలేదు. మావాడి ఒంట్లో ఎక్కడా రాని రంగు కదా, ఇంకాస్త రానీ అనిపించింది."

చేపలక్క గిన్నె అందుకుని సింకు వైపు నడిచింది.

"రేపు మళ్లీ వేస్తాలే. ఈసారి టైముకి ఆపేస్తాను," అంది.