ఏం కూరండీ ఇవాళ?

ఆ కరోనా రోజుల్లో ఊరంతా తలుపులేసుకుని కూర్చుంటే, నేను మాత్రం అందరి ఇళ్లలోకీ ఫోన్లో దూరేదాన్ని. గ్యాస్ బండ బుక్ చేయడానికి కూడా నాన్నని బతిమాలే పిరికిదాన్ని. అలాంటి నాకు దొరికిన మొదటి ఉద్యోగం, జనం ఎలా బతుకుతున్నారో ఫోన్ చేసి అడిగే సర్వే. విజయవాడ వన్‌టౌన్‌లోని మా ఇంట్లో సిగ్నల్ అందేది వంటింట్లోనే కాబట్టి, బియ్యం డబ్బా మీద కూర్చుని అడిగేదాన్ని (డబ్బా రోజురోజుకీ డొల్లగా మోగేది). నాన్న బట్టల కొట్టు షట్టర్ దించేశారు. ఇంటికి నా జీతమే ఆధారం.

"గడిచిన వారంలో మీ ఇంట్లో ఎవరైనా తిండి తగ్గించుకున్నారా అండీ?" అని నసుగుతూ అడిగేదాన్ని. మంగళగిరి అయినా, కొండపల్లి అయినా జవాబొకటే. "అబ్బే, అదేం లేదమ్మా. మీరు భోంచేశారా?" వారం తిరిగేసరికి మా సర్వే చూసుకునే మేడమ్ ఫోన్ చేశారు. "అందరికీ కష్టాలొస్తే నీకు దొరికిన ఇళ్లన్నీ పెళ్లివారిళ్లలా ఉన్నాయేంటి? కూర్చుని జవాబులన్నీ నువ్వే నింపేస్తున్నావా? ఇంకో వారం చూస్తాను, ఆ తర్వాత నీ ఇష్టం." ఉద్యోగం పోతే అమ్మకేం చెప్పాలి?

ఆ దిగులులో ఉండగానే నాన్న ఫోన్ మోగింది. అమ్మ ఎత్తి స్పీకర్ పెట్టింది (అమ్మకి స్పీకర్ లేకపోతే వినపడదు). తీరా చూస్తే మా సర్వేయే! నాతో పనిచేసే చల్లపల్లి అమ్మాయి గొంతు. నంబర్లు లాటరీలా తీస్తారు కదా, మా ఇల్లే తగిలింది. తిండి ప్రశ్న రాగానే అమ్మ, "మాకేం లోటమ్మా! మూడు పూటలా తింటున్నాం. నువ్వు తిన్నావా?" అంది. పొయ్యి మీద ఒక్క టమాటాతో చారు మరుగుతోంది. నేను చేతులూపుతూనే ఉన్నాను, అమ్మ చూస్తే కదా.

"ఎందుకమ్మా అబద్ధం?"

"ముక్కూ మొహం తెలీని పిల్లకి మనింట్లో తిండి చాలట్లేదని చెప్పుకోమంటావా?"

అంతలో గోడ మీంచి పక్కింటి పిన్నిగారు, "వదినా, ఏం కూర ఇవాళ?" అన్నారు. అమ్మ మొహం వాడిపోయింది. "కూరెక్కడిది వదినా. కూరగాయ మొహం చూసి ఎన్నాళ్లయిందో. ఆయనేమో చారన్నం కూడా సగంలో లేచిపోతున్నారు."

నాన్న సగంలో లేచిపోవడం నేను గమనించనే లేదు.

మర్నాడు మంగళగిరిలో చేనేత పనిచేసే ఒకావిడకి ఫోన్ చేసి, ముందుగా "ఏం కూరండీ ఇవాళ?" అన్నాను. "కూరేముందమ్మా, మగ్గం ఆగిపోయిందిగా. పిల్లలకి అన్నంలోకి కారం. మేం గంజి తాగుతున్నాం." ఆ తర్వాత అసలు ప్రశ్న అడిగితే, "ఊ, తగ్గించుకున్నాం, రాసుకో" అంది. రాశాను. నా ఉద్యోగం నిలబడేది ఇలాంటి జవాబులతోనే అని తట్టి, నా మీద నాకే అసహ్యమేసింది.

తనని అడగకుండా ప్రశ్న చేర్చినందుకు మేడమ్ బాగా చీవాట్లు పెట్టారు. సాయంత్రానికల్లా సర్వే చేసేవాళ్లందరినీ ముందు అదే అడగమన్నారు.

ఇప్పుడు గుంటూరులో హాస్టల్లో ఉండి, మనిషినైపోయాననే ధీమాతో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న అమ్మ ఫోన్ చేసి "భోంచేశావా?" అంటే, బిస్కెట్ పొడి దులుపుకుంటూ "ఎప్పుడో చేశానమ్మా" అన్నాను.

"ఏం కూర?"