చెప్పుల ఖలందర్ మామ

దాదా ఖలందర్ మామకు లోకంలో ఏ చెడ్డ అలవాటూ లేదు. బీడీ ముట్టడు, పేకాట ఆడడు, ఒకరి గొడవలో తల దూర్చడు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. రోడ్డు మీద దిక్కులేకుండా చెప్పు కనిపిస్తే చాలు, ఇంటికి తెచ్చేసుకుంటాడు.

వేరే వీధిలో ఉంటే ఈ జబ్బు సంగతి ఎవరికీ తెలిసేది కాదు. మా ఇళ్లు ఉన్నది కర్నూల్లో కలెక్టరాఫీసుకు పోయే దారిలో. ఆయనది ఒక గుమ్మం, పక్క గుమ్మం నాది, నా జిరాక్సు షాపుది. జిల్లాలో ఎవరికి కోపం వచ్చినా మా ముందు నుంచే పోవాలి. ఉల్లిగడ్డకు ధర లేదని రైతులు, జీతాలు రాలేదని అంగన్‌వాడీ టీచర్లు, సీమకు నీళ్లు కావాలని అన్ని పార్టీలవాళ్లూ వంతులవారీగా వస్తారు. పొద్దున జెండాలు పట్టుకుని దర్జాగా నడుస్తారు. మధ్యాహ్నానికి పోలీసులు లాఠీలు చేతిలోకి తీసుకుంటారు. ఇక ఆ తర్వాత నడక ఉండదు, పరుగే. పరుగులో అందరికన్నా ముందు మనిషిని వదిలేది చెప్పు.

అంతా సద్దుమణిగాక మామ గోనెసంచి భుజాన వేసుకుని బయలుదేరతాడు. ఆయన ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. బస్సు ఖాళీ కాగానే సీట్ల కిందికి వంగి చూసే అలవాటు ఉద్యోగంతో పోలేదు. ఏరుకొచ్చిన చెప్పుల్ని తుడిచి, జతలు కలిపి, తెగిన పట్టీలకు నాలుగు కుట్లు వేసి, ఇంటి మెట్ల మీద వరసగా పేరుస్తాడు. జత దొరకని ఒంటి చెప్పుకు పై మెట్టు. పాపం ఒంటరిది కదా, దానికి కాస్త ఎక్కువ మర్యాద.

“ఇది ఇల్లా, షాదీఖానానా?” అని మాబీ అత్త రోజూ మొత్తుకునేది.

ఆమె మొత్తుకోవడంలో న్యాయం ఉంది. ఒకసారి డోన్ నుంచి ఏదో పని మీద వచ్చిన పెద్దమనిషి మా సందులో నడుస్తూ ఆ మెట్లు చూశాడు. అన్ని చెప్పులుంటే లోపల విందు ఉన్నట్టే కదా. తన చెప్పులు కూడా వాటి పక్కనే విప్పి, చేతులు కడుక్కుని, నేరుగా లోపలికి వెళ్లి చాప మీద కూర్చున్నాడు.

“బువ్వ బంతి లేసిందామ్మా, ఇంకా ఉండాదా?” అని అడిగాడు.

ఇంట్లో ఉన్నది రాగిసంగటి, గోంగూర. మాబీ అత్త అదే పెట్టింది. ఆయన తృప్తిగా తిని, “పెండ్లికొడుక్కు నా దువా చెప్పండి” అని లేచాడు. తీరా మెట్ల దగ్గర ఆయన చెప్పులు కనిపించలేదు. మామ అప్పటికే వాటిని తుడిచి, సైజు ప్రకారం మూడో వరసలో సర్దేశాడు.

చెప్పుల కోసం వచ్చేవాళ్లకు మామ పరీక్ష పెట్టేవాడు. “కుడి కాలుదా, ఎడమ కాలుదా? మడమ ఏ పక్క అరిగిండాది?” ఎర్రజెండా కామ్రేడ్ ఒకాయనకు ప్రతిసారీ ఎడమదే పోయేది. “ఏమప్పా, పార్టీ మీద అభిమానం ఉండొచ్చుగానీ మరీ ఇంతనా?” అనేవాడు మామ. ఆ వచ్చినాయన ఏ పార్టీ అయినా సరే, టీ తాగకుండా మెట్లు దిగనిచ్చేవాడు కాదు. నిన్న రోడ్డు మీద ఒకరి కాలర్ ఒకరు పట్టుకున్నవాళ్లు ఇవాళ అదే మెట్టు మీద కూర్చుని, “ఇది నీదేమో చూడన్నా” అని ఒకరి చెప్పు ఒకరికి అందించడం నేను కళ్లారా చూశాను.

విలేకరులకు కూడా మామే దిక్కు. పదివేలమంది వచ్చారని పార్టీవాళ్లు అనేవారు, మూడొందలని పోలీసులు అనేవారు. “నువ్వు చెప్పు సాబ్, ఎంతమంది?” అని విలేకరి అడిగితే మామ తల గోక్కునేవాడు. “పారిపోయినోళ్ల లెక్కే నాకాడ ఉండేది. నిలబడినోళ్ల చెప్పులు నాకు దొరకవు గదప్పా!”

ఇట్లా నవ్వుకుంటూ గడిచిపోతుండగా ఒక మే నెలలో బిందెల ధర్నా జరిగింది.

హంద్రీ నది ఒడ్డు పేటలో వారమైనా కొళాయి రాలేదు. కార్పొరేటర్ మద్దిలేటి చుట్టూ తిరిగి తిరిగి విసిగి, ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో వచ్చి రోడ్డు మీద కూర్చున్నారు. ముందుంది ఉరుకుందమ్మ. బజ్జీల బండి పెట్టుకుని కూతురు శివజ్యోతిని చదివించిన మనిషి. ఆ పిల్ల కానిస్టేబులుగా సెలెక్టయింది, ట్రైనింగుకు పిలుపు రావడమే తరువాయి. తల్లికి తోడుగా ఆమె కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడే మద్దిలేటి కారు అటు వచ్చింది. పోలీసులు తోశారు, ఆడవాళ్లు తిరగబడ్డారు, ఎవరి బిందో గాల్లోకి లేచి కారు అద్దం మీద దిగింది. ఇంకేముంది, లాఠీలు లేచాయి. రోడ్డు నిండా చెప్పులు.

మామ ఎప్పటిలాగే సంచి నింపుకొచ్చి మెట్లు సర్దాడు. సాయంత్రానికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చెప్పుల వరసలు చూసి ఆయన ముఖం వెలిగింది.

“ఖలందర్ సాబ్, నువ్వు మాకు పెద్ద పని తప్పించినావు. వీటి కోసం ఎవరొచ్చినా కారు పగలగొట్టినోళ్ల లెక్కే. అందరి మీదా కేసు పెడతాం. మావాడు ఈడనే కూర్చోని పేర్లు రాసుకుంటాడు. నువ్వు టీ పొయ్యి, చాలు.”

కానిస్టేబుల్ ఓబుళేశు మెట్ల పక్కన కుర్చీ వేసుకున్నాడు. మామ లోపలికొచ్చి కూలబడ్డాడు. మాబీ అత్త అన్నం పెడితే ముట్టలేదు.

“నా మెట్లను ఎలుకల బోను చేసినారే మాబీ. ఆ శివజ్యోతి మీద కేసు పడితే ఉద్యోగం పోయినట్లే.”

“అయితే అన్నీ యాడన్నా పారేసి రా.”

“పారేస్తే? ఈ ఎండలో వాళ్లు వట్టికాళ్లతో యాడ తిరుగుతారు?”

పొద్దున్నే నా షాపు ముందుకొచ్చాడు. “అమ్మా, నీ స్కూటీ తియ్యి. పేటలోకి పోవాల. ఆడోళ్లు బయటికి రావాలంటే నా పక్కన నువ్వుండాల.” చెప్పులన్నీ అప్పటికే సంచిలో ఉన్నాయి. సంచి నా కాళ్ల దగ్గర, మామ నా వెనక.

“యాడికి సాబ్?” అంటూ ఓబుళేశు కుర్చీలోంచి లేచాడు.

“యాపారానికప్పా. పాత చెప్పులు అమ్ముకోవద్దని మీ సారు చెప్పలేదు గదా?”

చెప్పలేదు. ఓబుళేశు కాసేపు ఆలోచించి, బైకు తీసి మా వెంట పడ్డాడు.

పేట మొదట్లోనే మామ కండక్టరు గొంతు విప్పాడు. “చెప్పులమ్మా చెప్పులు! వాడిన చెప్పులు, నడిచిన చెప్పులు, పరిగెత్తిన చెప్పులు! ఆలస్యం చేస్తే బండి పోతాది, రైట్ రైట్!”

తలుపులు ఓరగా తెరుచుకున్నాయి. వెనక ఖాకీ బట్టలు చూసి మళ్లీ మూసుకున్నాయి. అంతలో ఉరుకుందమ్మ బయటికొచ్చింది. అరికాళ్లు బొబ్బలెక్కి మునివేళ్ల మీద నడుస్తోంది. మామను చూసింది, సంచి చూసింది, పోలీసును చూసింది. నడుం మీద చెయ్యి పెట్టింది.

“ఏం సాబ్, ఎట్ల ఇస్తాండావు?”

“నీకు ఎక్కువ చెప్తానామ్మా? ఈ జత చూడు.” తీసింది ఆమె జతే.

“థూ, ఇవేం చెప్పులు! బర్రె ఏసుకోని తొక్కినట్లుండాయి. వీటికి దుడ్లు కూడానా?”

“ఏసుకున్న ఆయమ్మ శానా మంచిదమ్మా. కొంచెం నోరెక్కువ, అంతే.”

ఉరుకుందమ్మ పెదాలు బిగబట్టి నవ్వు ఆపుకుంది. “సరే, ఒక జత కొంటే కొసరేమిస్తావు?”

“ఇంగో జత.” అవి శివజ్యోతివి.

ఇక తలుపులన్నీ తెరుచుకున్నాయి. ప్రతి ఆడమనిషీ తన చెప్పులకే వంక పెట్టి బేరమాడింది. ఒకామె తన చెప్పును తానే వాసన చూసి ముక్కు మూసుకుంది. ధర్నాకు రానివాళ్లు కూడా వచ్చి గుంపులో కలిశారు. మామ చేతిలో ఒక్క రూపాయి పడలేదు, సంచి మాత్రం ఖాళీ అయింది. అడుగున నీలం పట్టీల జత ఒకటే మిగిలింది. మామ దాన్ని పైకెత్తి ఎంత అరిచినా ఎవరూ రాలేదు.

ఓబుళేశు బైకు దిగాడు. అటూ ఇటూ చూసి గొంతు సవరించుకున్నాడు.

“సాబ్, ఆ నీలంవి ఎంత?”

“ఆడోళ్ల చెప్పులు నీకెందుకప్పా?”

“మా ఇంటామెవి,” అన్నాడు నేల చూస్తూ. “నిన్నట్నుంచి నా చెప్పులేసుకోని తిరుగుతాండాది. నేను అడగలేదు, ఆయమ్మ చెప్పలేదు. మా ఇంటికాడ కూడా నీళ్లు రాల్యా సాబ్.”

నాకు నవ్వాగలేదు. మామ మాత్రం నవ్వకుండా ఆ జతను తన తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు.

“మరి మా సారుకు ఏమని చెప్పల్ల?”

“ఉన్నది ఉన్నట్లు చెప్పు. చెప్పుల కోసం ఎవరూ రాలేదు. రాలేదు గదా? మనమే పోతిమి.”

తిరిగి వస్తూ అన్నాను. “మామా, ఇదంతా చెప్పుల మీద పిచ్చి అనుకుంటిమి.”

“చెప్పులదేముందమ్మా, బజారుకు పోతే దొరుకుతాయి. దెబ్బలు తిని పోయినోడు సిగ్గుతో మళ్లా ఈ దారి తొక్కడు. చెప్పు కోసమన్నా వస్తే, ఇన్ని టీ నీళ్లు తాగి, భయం తీర్చుకోని పోతాడని.”

పేర్లు లేని కేసు అటకెక్కింది. శివజ్యోతి ట్రైనింగుకు పోయింది. ఆ తర్వాత కార్పొరేషన్ ఎన్నికలొచ్చాయి. మామనే నిలబడమని పేటంతా పట్టుబట్టింది. “నాకు జనం పాదాలు గుర్తుంటాయిగానీ మొఖాలు గుర్తుండవమ్మా, ఓట్లెట్ల అడిగేది?” అని ఆయన తప్పించుకున్నాడు. ఉరుకుందమ్మ ఏ పార్టీ లేకుండా నిలబడింది. మద్దిలేటి కారు మీద మైకు పెట్టి వారం తిరిగాడు. ఉరుకుందమ్మ బజ్జీలు వేస్తూనే ప్రచారం చేసి, అతన్ని ఓడించింది.

కార్పొరేటర్ అయినంత మాత్రాన పైపులో నీళ్లు పుట్టవు కదా. మరుసటి ఎండాకాలం పేట ఆడవాళ్లు బిందెలతో వచ్చి ఉరుకుందమ్మ ఇంటి ముందే కూర్చున్నారు. ఆమె బయటికొచ్చి ఒక్క క్షణం చూసింది. లోపలికి పోయి తన బిందె తెచ్చుకుంది. “నన్ను తిడితే ఏమొస్తాది? లేయండి, కమిషనర్ కాడికి పోదాం!”

ఆ ఊరేగింపు మా ముందు నుంచే వచ్చింది. మొదటి వరసలో నీలం పట్టీల చెప్పులతో ఓబుళేశు భార్య ఉంది. బందోబస్తులో ఉన్న ఓబుళేశు ఎంతో శ్రద్ధగా ఆకాశం చూస్తున్నాడు. నేను షాపు మూసి బయలుదేరాను. మామ సంచి దులుపుతుంటే, ఇన్నేళ్లలో గడప దాటని మాబీ అత్త చంకన బిందెతో మెట్లు దిగింది. కాళ్లకు రంజాన్‌కు కొన్న కొత్త చెప్పులు.

మామ కంగారుపడ్డాడు. “ఏమే, కొత్తవి ఏసుకోని పోతాండావే! తోపులాటలో పోతే?”

అత్త వెనక్కి తిరగకుండానే కొంగు దోపుకుంది.

“పోతే పోనీ. వెనకాల నువ్వొస్తాండావు గదా!”