గద్వాల బస్సులో నేర్చిన ‘లీ’

గద్వాలలో ఒక ప్రైవేటు బడికి ఇంగ్లీషు టీచరు కావాలన్నారు. పోస్టు ఒక్కటే. డిగ్రీ అయిపోయి వనపర్తిలో ఇంట్లో కూర్చున్న నన్ను డెమో క్లాసుకు రమ్మన్నారు. ఏ పాఠమో కూడా వాళ్లే చెప్పారు: క్రియ తర్వాత విశేషణం రావాలా, క్రియా విశేషణం రావాలా?

బస్సెక్కినప్పటి నుంచి నాకు నిలకడ లేదు. కాగితం మడుస్తూ, విప్పుతూ ‘ద మ్యాంగో టేస్ట్స్ స్వీట్లీ’ అని గొణుక్కుంటున్నాను. పెబ్బేరు దాటాక పక్క సీట్లోని బురఖా ఆమె ఇటు తిరిగింది. నాకంటే కొంచెం పెద్దదానిలా ఉంది.

“స్వీట్లీ కాదు చెల్లె, స్వీట్.”

“పండు తియ్యగ ఉందంటం గదక్కా. ‘గ’ వస్తే లీ పెట్టాలని మా సారు చెప్పిండు.”

“గక్కడ్నే అందరం పడతం. తెలుగుల రెండిటికీ ‘గ’నే. మెల్లగ నడిచిందంటే నడక సంగతి, స్లోలీ. తియ్యగ ఉందంటే పండు సంగతి. పండు ఏం పని చేస్తది? అందుకే స్వీట్.”

“మరి లుక్?”

“ఆమె కోపంగ కనిపిస్తుంది, యాంగ్రీ. కోపంగ నా దిక్కు చూసింది, యాంగ్రిలీ. చూసుడు పనే గద.”

బట్టీపట్టిన ఉదాహరణల్లో సగం తప్పులే. బీచుపల్లి వంతెన మీద అందరూ కృష్ణా నదిని చూస్తుంటే నేను కొట్టివేతల్లో ఉన్నాను.

“యాడికి పోతున్నవ్?” అని అడిగింది. బడి పేరు చెప్పాను.

ఆమె తన సంచిలోంచి అదే బడి డెమో కాగితం తీసి చూపించింది. “నేను గూడ గాడికే. నాగర్‌కర్నూల్ నుంచి వస్తున్న” అంది.

నాకు పాఠం చెప్పినందుకు నొచ్చుకుంటోందేమో అనుకున్నాను. ఆమె మాత్రం కాగితం లాక్కుని మిగిలిన తప్పులు దిద్దింది. “జర నిమ్మళంగుండు. పరేషాన్ అయితే వచ్చింది గూడ పోతది.”

ముందు నన్ను పిలిచారు. బోర్డు మీద సుద్దముక్క విరిగింది. తడబడుతూనే పాఠం ముగించాను. తర్వాత ఆమె వెళ్లింది. వరండాలో కూర్చోలేక అటూ ఇటూ తిరిగాను. లోపలి నుంచి పిల్లల నవ్వులు వినిపించాయి. నా క్లాసులో ఎవరూ నవ్వలేదు.

ఉద్యోగం ఆమెకే వచ్చింది.

“బాధైతుందా?” బస్టాండులో అడిగింది.

“అయితుందక్కా.”

ఆమె నన్ను ఓదార్చలేదు. చేరే కాగితాల కోసం ఆ రోజు గద్వాలలోనే ఆగింది; నా బస్సు కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడింది.

దసరా తర్వాత అదే బడిలో ఇంకో టీచరు మానేసిందని ఆమే ఫోన్ చేసింది. ప్రిన్సిపాల్‌తో నా గురించి ముందే మాట్లాడింది. వెళ్లి చేరాను. గద్వాల కోట దగ్గర ఇద్దరం కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నాం. క్లాసు భయంతో మొదటి వారమంతా నాకు పొద్దున అన్నం సయించేది కాదు. ఆమె నా వాటా కూడా మధ్యాహ్నానికి డబ్బాలో సర్దేది.