బర్రెకు ముందు, పడుగుకు తర్వాత

తెల్లవారకముందే డోర్నకల్‌లో ప్యాసింజర్ ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికిందన్న మాటే గానీ కాలు ఒకచోట నిలవడం లేదు. మా చెల్లెలు సరోజ వరంగల్‌లో ఉంటుందా, మళ్లీ మూట నెత్తికెత్తుకుంటుందా అన్నది ఈ పొద్దే తేలుతుంది.

వాళ్ల ఊరిని వాగు వరసగా రెండు వానాకాలాలు ముంచింది. పొలమంతా ఇసుక మేట. మిగిలిన ఒక్క బర్రెను తోలుకుని, మొగుడూ పెళ్లాలు వరంగల్ శివారులో నేతగాళ్ల వాడలో అద్దెకు దిగారు. అక్కడ పొద్దున్నే వీధి పొడవునా పడుగు దారాలు చాపి గంజి పట్టిస్తారు. బర్రెకేం తెలుసు? గంజి వాసనకు తాడు తెంపుకొచ్చి పడుగంతా నాకేసింది. దారాలు తెగాయి, వాడంతా మీదికొచ్చింది. ఇంకోసారి జరిగితే ఇల్లు ఖాళీ చేయాలన్నారు. ఇవాళ మళ్లీ పడుగు చాపుతున్నారు.

మానుకోటలో పాల క్యాన్లతో ఒక పెద్దమ్మ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఆపుకోలేక ఆవిడకు అంతా చెప్పేశాను.

"కట్టేస్తె ఆగది బిడ్డా. ముందుగాల్ల దాని గంజి దానికి పొయ్యున్రి," అంది.

ఏడింటికి వరంగల్. స్టేషన్ బయట ఇడ్లీ బాగుంటుంది, వెళ్లేవాళ్లు వదలొద్దు. నేను పొట్లం కట్టించుకుని షేర్ ఆటో ఎక్కాను.

సరోజ ఇంట్లో మూటలు గోడవార కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. రైల్లో పెద్దమ్మ అన్న మాట చెప్పగానే సరోజ గిన్నె పట్టుకుని, గంజి కాస్తున్న లక్ష్మమ్మ దగ్గరికి వెళ్లింది. చెడిపోయిన పడుగు ఆవిడదే. ఆవిడ గిన్నెను చూసింది, సరోజను చూసింది.

"గిన్నెడు ఏం సరిపోతది? బకెట్ తే పో," అంది లక్ష్మమ్మ.

బర్రె బకెట్లో మూతి పెట్టింది. పడుగు వైపు కన్నెత్తి చూడలేదు! సరోజ మొగుణ్ని పడుగు కొస పట్టుకోమంటే మోకు గుంజినట్టు గుంజబోయాడు, అందరూ నవ్వారు. ఎండ ముదిరేలోగా ఒక్క దారమూ తెగకుండా పడుగు చుట్టేశారు. మధ్యాహ్నం లక్ష్మమ్మ ఇంటి పచ్చిపులుసుతోనే మా భోజనం.

సాయంత్రం బండిలో సీటు దొరకలేదు. అయినా హుషారుగా తలుపు దగ్గర నిలబడ్డాను. వానలు తరిమిన మనుషులకు చోటు దొరకాలంటే ఏమేమో కావాలంటారు. ఇవాళ మాత్రం బకెట్ గంజితో మొదలైంది.

కేసముద్రం దాటాక ఫోన్ మోగింది.

"అక్కా, మూటలు ఇప్పుతాన్న. ఇల్లంత మా వాగు ఇసుకే," అంటూ సరోజ నవ్వుతోంది.